దుర్గాసాయి పేరున తీసిన రక్తం

మార్చి 4, 2025. మంగళవారం. రాజమండ్రి

ఉదయం 9.40కి తమ్ముణ్ణి లోపలికి తీసుకెళ్ళారు. 10.25కి బయటికి తెచ్చారు. నడుములో నాలుగో పూసకీ అయిదో పూసకీ మధ్య ఉన్న డిస్కులోకి సన్నటి సూది దించారు. అందులో ఏముందో వాడికి తెలీదు, నాకు తెలీదు, సూది వేసిన డాక్టరుకీ తెలీదు. స్టెమ్ సెల్స్ కావచ్చు, ఉప్పునీరు కావచ్చు. ముగ్గురిలో ఇద్దరికి సెల్స్, ఒకరికి ఉప్పునీరు. ఎవరికి ఏది అన్నది కంప్యూటరు తేల్చింది. ట్రయల్ అంటే అదే.

సెల్స్ అయితే అవి ఎవరో దాత ఎముక మజ్జలోంచి తీసి ల్యాబ్‌లో పెంచినవి. పరాయి మనిషివి. వాటిని శరీరం తరిమెయ్యదా అని మొదట్లోనే అడిగాను. ట్రయల్ నడిపే డాక్టర్ ఉషారాణి గారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. డిస్కు లోపలికి రక్తనాళాలు వెళ్ళవు. రక్తం చేరని చోటికి రక్తంలో తిరిగే కాపలా కణాలూ చేరవు. కాబట్టి పరాయివాళ్ళు వచ్చి కూర్చున్న సంగతి శరీరానికి తెలియకపోవచ్చు అన్నారు. తెలియకపోవచ్చు అన్న మాట కింద గీత గీసుకున్నాను.

స్ట్రెచర్ మీద దుర్గాసాయి నన్ను చూసి, ఉప్పునీరే అయితే ఇంత దూరం ఎందుకు అన్నయ్యా, నా చెమట పట్టి ఎక్కించేవాళ్ళు కదా అన్నాడు. నర్సు నవ్వింది. నేనూ నవ్వాను. రెండు నెలల్లో ఇదే మొదటిసారి.

మార్చి 5, బుధవారం. మండపేట

వాణ్ణి ఇంట్లో పడుకోబెట్టి వచ్చాను. పది కిలోలకు మించి ఎత్తకూడదని చీటీలో రాశారు. చదివితే వాడి భార్య రాణి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళయింది బావగారూ, యాభైకి తక్కువున్నదేదీ ఈయన ముట్టుకోగా నేను చూళ్ళేదు అంది.

రైస్ మిల్లులో జట్టు మనిషి వాడు. బియ్యం బస్తా యాభై కిలోలు, ధాన్యం బస్తా డెబ్బై అయిదు. పంతొమ్మిదో ఏట మొదలుపెట్టాడు. ఇప్పుడు ముప్పై తొమ్మిది. మా నాన్నదీ అదే మిల్లు, అదే జట్టు. ఆయన మోసిన బస్తాల మీద నేను బీఏ చదివాను. ఇరవై ఆరేళ్ళుగా పేపర్లో పనిచేస్తున్నాను. నాన్న పోయాక ఆయన చోటు తమ్ముడికి వచ్చింది.

జట్టులో పదహారు పేర్లు. కాటా గది గోడ మీద నల్లబోర్డు, దాని మీద సుద్దతో రాసి ఉంటాయి. పొద్దున్న ఆరింటికి మేస్త్రీ భీమరాజు వరసగా పిలుస్తాడు. పలికినవాడికి పని. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే అతని పేరుకి ఇంకొకడు పలికి, అతని బస్తాలు మోస్తాడు. బదులు నిలబడటం అంటారు. బదులు మనిషి ఉన్నన్నాళ్ళూ చోటు పోదు. వరసగా మూడు పొద్దులు ఆ పేరుకి ఎవరూ పలక్కపోతే మేస్త్రీ తడిగుడ్డతో చెరిపేస్తాడు. మళ్ళీ రాయడం ఉండదు. ఏ కాగితం మీదా లేని రూలు ఇది. తప్పినట్టు నేనెప్పుడూ వినలేదు. నడుం పోయినవాణ్ణి ఇంకో మిల్లు రానివ్వదు.

జనవరిలో తమ్ముడి నడుం పోయినప్పటి నుంచి వాడి పేరుకి పల్లంరాజు పలుకుతున్నాడు. మొగల్తూరు మనిషి, సముద్రం మీద చేపల వేట మానేసి ఇటు వచ్చాడు. అతని పేరు బోర్డు మీద లేదు. తమ్ముడి పేరు చెరిపిన రోజున అక్కడ రాసేది అతని పేరే. అయినా రోజూ ఆరింటికి వెళ్ళి ఇంకొకడి పేరుకి ఆయ్ అంటున్నాడు.

మార్చి 9, ఆదివారం

నవంబరులో నేను రాసిన వార్తను రాణి కత్తిరించి దేవుడి పటం వెనక పెట్టింది. ఇవాళ దుమ్ము దులుపుతుంటే కింద పడింది. అరిగిన డిస్కులకు స్టెమ్ సెల్స్, రాజమండ్రిలో ట్రయల్ అని నేను హెడ్డింగ్ పెడితే, నడుం నొప్పికి ఇక సెలవు అని డెస్కు వాళ్ళు మార్చారు. నేను రాసింది పన్నెండు పేరాలు. చోటు చాలక చివరి మూడూ తీసేశారు. ఇది పనిచేస్తుందో లేదో ఇంకా ఎవరికీ తెలీదని పదకొండో పేరాలో ఉంది. అసలు సంగతి పదకొండో పేరాలో పెట్టడం నా తప్పు. కొత్తగా చేరినవాళ్ళకి ఈ పాఠం చెప్పేది నేనే.

ఆపరేషన్ చేసి రాడ్లు వేస్తే నొప్పి తగ్గొచ్చు, బస్తా మాత్రం జన్మలో ఎత్తకూడదన్నారు. అందుకే వాడు ఆపరేషన్ వద్దన్నాడు. ట్రయల్‌లో చేర్చింది నేను. తొమ్మిది పేజీల ఒప్పందం వాడి మంచం పక్కన కూర్చుని చదివి వినిపించిందీ నేనే. నాలుగో పేజీ: ఆరు నెలల పాటు స్టెరాయిడ్ ఏ రూపంలోనూ తీసుకోకూడదు, తీసుకుంటే ట్రయల్ నుంచి తీసేస్తారు. ఆరో పేజీ: నాలుగో వారంలో రక్తం పరీక్ష, దాత కణాల మీద యాంటీబాడీలు పుట్టలేదని తేలితేనే ఎనిమిదో వారంలో రెండో డోసు.

నాలుగో వారం రక్తానికి రాజమండ్రి దాకా కుదుపుల్లో తీసుకురాలేమని, మండపేటలో ఉన్న వాళ్ళ శాంపిల్ సెంటర్లోనే తీయించమని డాక్టరుగారిని బతిమాలాను. ఒప్పుకున్నారు.

మార్చి 16, ఆదివారం

నొప్పి మునుపటికంటే ఎక్కువైందట.

మార్చి 20, గురువారం

రాణి ఏడుస్తూ ఫోన్ చేసింది. వెళ్ళేసరికి వాడు మంచం మీద లేడు. గచ్చు మీద బోర్లా పడుకుని ఉన్నాడు. కిటికీ ఊచకి లుంగీ ముడేసి ఉంది. దాన్ని పట్టుకుని లేవాలి. బాత్రూమ్‌కి పాక్కుంటూ వెళుతున్నాడు. రెండు రోజులుగా అన్నం తినడం లేదు. తింటే మళ్ళీ వెళ్ళాలి కదా అన్నాడు. జ్వరం 100.4.

డాక్టరుగారు ఫోన్లో, సూది తర్వాత కొన్నాళ్ళు నొప్పి పెరగొచ్చు, జ్వరం మాత్రం నేను చూడాలి, తీసుకురండి, పారాసిటమాల్ తప్ప ఇంకేమీ ఇవ్వొద్దు అన్నారు. కారు మాట్లాడి తెచ్చాను. గుమ్మం దాకా మోసుకొచ్చాం. అక్కడ ద్వారబంధం పట్టుకున్నాడు. విడిపించలేకపోయాను. వేళ్ళు తెల్లబడిపోయాయి. నన్ను ఎక్కడికీ కదపొద్దన్నయ్యా, ఇక్కడే ఏదో ఒకటి ఇచ్చి చంపెయ్ అన్నాడు.

పందెం కట్టి రెండు ధాన్యం బస్తాలు ఒకేసారి వీపున వేసుకుని లారీ ఎక్కినవాడు వీడు.

కారు వెనక్కి పంపేశాను.

మార్చి 24, సోమవారం

నడిచాడు. ఇంటి నుంచి టీ కొట్టుకి, మళ్ళీ ఇంటికి. ఎవరూ పట్టుకోలేదు. టీ కొట్టాయన, పెళ్ళికొడుకులా వస్తున్నావేంట్రా, రెండో సంబంధం చూశారా అన్నాడు. వాడు కుర్చీలో కూర్చుని రెండు బన్నులు తిన్నాడు. జ్వరం లేదు.

డాక్టరుగారికి చెప్పాను. మంచిదే, కానీ ఇంత తొందరగా మార్పు నేను ఎదురుచూడలేదు అన్నారు. రెండో మాట రాణికి చెప్పలేదు.

ఏప్రిల్ 1, మంగళవారం. పోలవరం

నిర్వాసితుల కాలనీ వార్త మీద వచ్చాను. ఇవాళే నాలుగో వారం రక్తం. మధ్యాహ్నం రాణి ఫోన్ చేసి అయిపోయింది బావగారూ అంది. గొంతు ఏదోలా ఉంది. సిగ్నల్ సరిగా లేదనుకున్నాను.

ఏప్రిల్ 3, గురువారం. ఉదయం 8.15

మిల్లు గేటు దగ్గర పల్లంరాజు టీ తాగుతున్నాడు. గ్లాసు పట్టుకున్న చేతి మోచేయి మడతలో గుండ్రటి తెల్ల ప్లాస్టర్ ఉంది. అంచులకి తవుడు అంటుకుంది. బస్తాలు మోసేవాళ్ళకి దెబ్బలు తగిలే చోటు కాదది.

రక్తం ఇచ్చారా అని అడిగాను. ఆయ్, ఇచ్చానండి అన్నాడు. ఎవరికండీ అన్నాను. మన సాయికేనండి అన్నాడు.

దాచలేదు. దాచాల్సిన సంగతని అతనికి తోచలేదు. ఇద్దరూ కలిసి వెళ్ళారట. సెంటర్లో ఆ అమ్మాయి దుర్గాసాయి అని పిలిచిందండి, సాయి నా వంక చూశాడండి, రోజూ పలికేవాణ్ణే కదండీ, అక్కడా పలికాను అన్నాడు. చెయ్యి చాపి చూపించాడు. ఆ అమ్మాయి చెయ్యి మంచిదండి, చీమ కుట్టినట్టు కూడా లేదు అన్నాడు.

ఏప్రిల్ 3, సాయంత్రం 5.30

తమ్ముడు ముందు బుకాయించాడు. తర్వాత చెప్పాడు. నేను కారు వెనక్కి పంపిన మర్నాడు బుల్లియ్యని పిలిపించుకున్నాడు. బుల్లియ్య ఆర్ఎంపీ. జట్టులో ఎవరికి నొప్పొచ్చినా ఆయనే. ఒక సూది వేశాడు. సాయంత్రానికి లేచి కూర్చున్నాడు.

బుల్లియ్య ఇంటికి వెళ్ళాను. సంచీ తెరిచి సీసా చేతిలో పెట్టాడు. స్టెరాయిడ్. ఒంట్లో వారాల తరబడి నిలిచే రకం. ట్రయలని నాకెవరు చెప్పారండి, మనిషి గచ్చు మీద పాకుతుంటే చూసి ఊరుకుంటానేంటండి, మీరైతే ఊరుకుంటారా అన్నాడు. నేను ఊరుకున్నవాణ్ణే. ఆ మాట ఆయనతో అనలేదు.

అంటే ఆ సోమవారం వాడు నడిచింది స్టెమ్ సెల్స్ మీద కాదు.

మళ్ళీ తమ్ముడి దగ్గరికి వెళ్ళి, రక్తం ఎందుకు మార్చావురా అన్నాను. స్టెరాయిడ్ కనపడితే తీసేస్తారు కదా, నువ్వే చదివావు నాలుగో పేజీలో అన్నాడు. ఆ పరీక్ష స్టెరాయిడ్ కోసం కాదు. వాడి ఒంట్లో పరాయి కణాల మీద తిరుగుబాటు మొదలైందా లేదా అని. ఆరో పేజీ చదివేసరికి వాడు నిద్రపోయి ఉంటాడు. లేదా నేను తొందరగా చదివి ఉంటాను.

ఏప్రిల్ 4, శుక్రవారం

డాక్టరుగారికి ఫోన్ చెయ్యలేదు.

ఏప్రిల్ 7, సోమవారం

చెయ్యలేదు. పని ఒత్తిడి అని రాసి కొట్టేశాను. ఇవాళ రెండు చిన్న వార్తలు తప్ప ఏమీ లేవు.

ఏప్రిల్ 11, శుక్రవారం

ఆవిడే చేశారు. గొంతులో ఉత్సాహం. మీ తమ్ముడి రక్తంలో యాంటీబాడీల జాడే లేదండీ మురళీకృష్ణ గారూ, ఇంత శుభ్రమైన రిపోర్టు మాకు తక్కువ, నడక కూడా బాగుందన్నారు కదా, 29న రెండో డోసు ఇచ్చేద్దాం అన్నారు.

థాంక్సండీ అన్నాను. ఇరవై ఆరేళ్ళలో ఎందరి దొంగ లెక్కలో బయటపెట్టాను. దొంగ మస్టర్లు, దొంగ సర్టిఫికెట్లు, చనిపోయినవాళ్ళ పేరున పింఛన్లు. ఒక మనిషి రక్తం ఇంకో మనిషి పేరున పట్టికలోకి ఎక్కడం ఇదే మొదటిసారి చూస్తున్నాను. ఎక్కించినవాళ్ళలో నేనూ ఉన్నాను. రక్తం మండపేటలో తీయించమని అడిగింది నేను.

ఏప్రిల్ 15, మంగళవారం. రాజమండ్రి

ఇంకో వార్త రాస్తానని అబద్ధం చెప్పి డాక్టరుగారి దగ్గర అరగంట కూర్చున్నాను.

డిస్కు లోపలికి కాపలా కణాలు రావన్నారు కదా, మరి పరీక్ష దేనికండీ అన్నాను. డిస్కు బాగుంటే రావు, బస్తాలు మోసి మోసి దాని చుట్టూ ఉండే పట్టీ చిరిగిపోతుంది, ఆ చిరుగులోంచి సన్న రక్తనాళాలు లోపలికి పాకుతాయి, అవి వచ్చాయంటే కాపలా కణాలూ వచ్చినట్టే అన్నారు. మా తమ్ముడి డిస్కుకి చిరుగు ఉందా అన్నాను. ఉంది, లేకపోతే నా దగ్గరికి ఎందుకు వస్తారు అన్నారు.

కాపలా కణాలు ఒకసారి గుర్తుపట్టాక రెండో డోసు ఇస్తే?

ఆవిడ పెన్ను కింద పెట్టారు. మొదటిసారి శరీరం నేర్చుకుంటుంది, రెండోసారి వెతుక్కోదు, నేరుగా వస్తుంది, వాపు రావచ్చు, పూస అంచు తినేయవచ్చు, పక్కనున్న నరాల మీద ఒత్తిడి పడవచ్చు అన్నారు. కాళ్ళు పడిపోతాయా అన్నాను. చెప్పలేను, మేకల మీద ప్రయోగాల్లో చూసింది వేరు, మనిషి వేరు, అందుకే ఆ రక్తం పరీక్ష, నా దగ్గరున్న తాళం అదొక్కటే అన్నారు. మీ తమ్ముడి రిపోర్టు శుభ్రంగా ఉంది, మీకెందుకండీ భయం అని నవ్వారు.

మంచినీళ్ళు ఇచ్చారు. తాగి వచ్చేశాను. ఆవిడ చెప్పినవి నోట్‌బుక్కులో నాలుగు పేజీలు వచ్చాయి. నేను చెప్పాల్సింది ఒక్క వాక్యం.

ఏప్రిల్ 19, శనివారం

ఉప్పునీరైతే ఏ ప్రమాదమూ లేదు. ముగ్గురిలో ఒకడు. ఆ ఒకడు వీడే కావాలని మొక్కుకుంటున్నాను. ఫిబ్రవరిలో, ఆ ఒకడు వీడు కాకూడదని మొక్కుకున్నాను.

ఏప్రిల్ 22, మంగళవారం

స్టెరాయిడ్ దిగిపోయింది. వాడు చెప్పలేదు. కిటికీ ఊచకి లుంగీ మళ్ళీ కనపడింది. నేను లోపలికి వెళ్ళేసరికి మంచం మీద సర్దుకుని కూర్చున్నాడు. పై పెదవి మీద చెమట. బాగానే ఉందన్నయ్యా, ఎండలు కదా అన్నాడు.

రాణి వీధి చివరి దాకా నా వెనకే వచ్చింది. పళ్ళ మధ్య తువ్వాలు పెట్టుకుంటున్నాడు బావగారూ, నాకు వినపడకూడదని, పొద్దున్న చూస్తే తువ్వాలుకి చిల్లులున్నాయి అంది.

ఏప్రిల్ 27, ఆదివారం

డాక్టరుగారు చెప్పినదంతా వాడికి చెప్పాను. చిరుగు, కాపలా కణాలు, రెండోసారి నేరుగా రావడం. ఈసారి మెల్లగా చెప్పాను. రెండుసార్లు చెప్పాను.

మొత్తం విన్నాడు. అది జరిగితే కదా అన్నాడు. మొదటిది చాలక ఇలా ఉందేమో, రెండోది పడితే నిలబడతానేమో, రెండో పంట కోతలై దాళ్వా ధాన్యం దిగుతోంది, పల్లంరాజు నా పేరు ఇంకెన్నాళ్ళు మోస్తాడు అన్నాడు. కాళ్ళు పోతే ఏం చేస్తావురా అన్నాను. ఇప్పుడు ఉన్నాయేంటి అన్నాడు.

చెప్పేస్తాను అన్నాను.

అప్పుడు మాట మార్చాడు. నాన్న నీకోసం మోశాడు, ఆయన తర్వాత నేను మోశాను, నిన్ను ఒక్క బస్తా ఎత్తమని ఎవరైనా అడిగామా, ఒక్క మాట కడుపులో పెట్టుకోలేవా అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. అందులో తప్పు పట్టడానికి ఒక్క ముక్క లేదు.

రాణి గుమ్మంలో నిలబడి వింది. వచ్చేటప్పుడు, నాకు మనిషి ఉంటే చాలు బావగారూ అంది. ఆగి, కానీ మీరు చెబితే ఈయన మళ్ళీ మీ మొహం చూడడు, అది కూడా తెలుసుకుని చెప్పండి అంది.

ఏప్రిల్ 29, మంగళవారం. రాజమండ్రి. ఉదయం 7.50

వాడికి ఆకుపచ్చ గౌను వేశారు. చేతికి పేరు పట్టీ కట్టారు. దుర్గాసాయి, 39. నర్సు వచ్చి పేరు అడిగింది. ఈసారి వాడే చెప్పాడు.

8.20

వరండాలో ఉన్నాను. డాక్టరుగారు లోపలికి వెళుతూ చెయ్యి ఊపారు. లేచి నిలబడి మళ్ళీ కూర్చున్నాను.

8.35

స్ట్రెచర్ కదిలింది. తలుపు దగ్గర వాడు నా వంక చూసి తల అడ్డంగా ఊపాడు. వద్దని.

8.50

చెప్పాను. తలుపు తోసి లోపలికి వెళ్ళి, చెప్పులతోనే వెళ్ళి, ఏప్రిల్ 1న తీసిన రక్తం వీడిది కాదండీ అన్నాను. సూది బల్ల మీద సిద్ధంగా ఉంది. డాక్టరుగారు చేతులు పైకెత్తి అలాగే నిలబడిపోయారు. ఎవరిది అన్నారు. చెప్పాను. స్టెరాయిడ్ సంగతీ చెప్పాను. ఎప్పటి నుంచి తెలుసు అన్నారు. 3వ తేదీ నుంచి అన్నాను. 15న నా గదిలో కూర్చున్నారు కదండీ అన్నారు. అవునండీ అన్నాను.

అరిచి ఉంటే బాగుండేది. గ్లవుజులు తీసేసి, ముందు ఈయన రక్తం తియ్యండి, ఎంఆర్ఐకి రాయండి అని సిస్టర్‌కి చెప్పారు.

వాడు గోడ వైపు తిరిగాడు. అలా తిరగడానికి నడుం ఎంత నొప్పి పెట్టి ఉంటుందో నాకు తెలుసు.

ఏప్రిల్ 30, బుధవారం

ఇంటికి వెళ్ళాను. వాడు ఇంకా గోడ వైపే తిరిగి ఉన్నాడు.

మే 5, సోమవారం

భీమరాజు బాబాయి కబురు పెడితే మిల్లుకి వెళ్ళాను. నాన్నతో కలిసి మోసిన మనిషి. మెడ వెనక కాయ ఇంకా ఉంది, నాన్నకి ఉన్నట్టే.

ట్రయల్ మీద నిఘా ఉంచే ఆసుపత్రి కమిటీ నుంచి పల్లంరాజుకి ఫోన్ వెళ్ళింది. మీ పేరు, ఊరు, ఎందుకు ఇచ్చారు, సంతకం పెట్టాలి, రండి. అది కేసు కాదు, వాళ్ళ రికార్డు కోసం. నేను అతనికి మూడుసార్లు చెప్పాను. నమ్మలేదు. సంతకం అంటే పోలీసులే కదండీ అంటాడు. సాయి పిలిపించాడని పలికాను కానండీ, నాకేం వచ్చిందండీ అంటాడు.

బాబాయి నన్ను కూర్చోమనలేదు. మురళీ, మీ తమ్ముడు తప్పు చేశాడు, వాణ్ణి రెండు పీకితే అడ్డం రాను, కానీ బదులు నిలబడ్డవాడి పేరు ఊరవతల కాగితాల మీదికి ఎక్కించావు అన్నాడు. నా ఎరుకలో ఎవడూ చెయ్యలేదు అది, మీ నాన్న కూడా ఒకసారి నా పేరుకి పలికాడు, మిల్లు ఓనరు నిలదీసి అడిగినా నేను చెప్పలేదు అన్నాడు. వాడి కాళ్ళు పోయేవేమో బాబాయ్ అన్నాను. పోయేవేమో, నువ్వు చేసింది తప్పని నేనన్నానేంటి, ఇకమీదట మీ ఇంటి పేరుకి జట్టులో ఎవడూ పలకడని చెబుతున్నాను అన్నాడు.

మే 7, బుధవారం. రాజమండ్రి

రిపోర్టు వచ్చింది. డాక్టరుగారు స్క్రీన్ నా వైపు తిప్పారు.

యాంటీబాడీలు ఉన్నాయి. దాత కణాల మీదే. చాలా ఎక్కువగా. అంటే వాడికి ఇచ్చింది ఉప్పునీరు కాదు. ఎంఆర్ఐలో పూస అంచు వాపుతో తెల్లగా వెలుగుతోంది. మార్చిలో అది లేదు.

ఆ కణాలు చచ్చిపోయాయా అండీ అన్నాను. బతికి ఉండవనుకుంటున్నాను, తెలీదు అన్నారు. రెండో డోసు ఇచ్చి ఉంటే ఏమయ్యేది అన్నాను. తెలీదు, ఇవ్వకపోవడం మంచిదైంది, ఇది మాత్రం తెలుసు అన్నారు. వాడి రిపోర్టు చూశాక, వాడిలాంటి చిరుగే ఉన్న ఇంకో ఇద్దరికి కూడా రెండో డోసు ఆపి మళ్ళీ రక్తం తీస్తున్నారట. పట్టికలో స్పందన లేదు అని ఉన్న చోట ఇప్పుడు ఉంది అని మారింది. నిజం.

ట్రయల్ నుంచి వాణ్ణి తీసేశారు. ఆపరేషన్ చేయించమన్నారు. రాడ్లు, స్క్రూలు. నొప్పి తగ్గుతుంది. బస్తా మాత్రం ఎత్తకూడదు.

ఇంటికెళ్ళి చెప్పాను. వాడు పైకప్పు చూస్తూ విన్నాడు. ఎనిమిది రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట, బోర్డు మీద పేరుందా అని. ఉంది అన్నాను. పేరుంటే ఆపరేషన్‌కి వస్తాను, పేరు లేనివాడికి నడుం ఎందుకు అన్నాడు. నడుం బాగైనా నువ్వు ఎత్తకూడదురా అనబోయి మానుకున్నాను.

పల్లంరాజు మధ్యాహ్నం బస్సుకి మొగల్తూరు వెళ్ళిపోయాడు. ఫోన్ ఆపేశాడు.

మే 8, గురువారం

పొద్దున్న ఆరింటికి దుర్గాసాయి పేరు పిలిచారు. ఎవరూ పలకలేదు. జట్టంతా అక్కడే ఉంది.

మే 9, శుక్రవారం

రాణి వెళ్ళింది. పిలిస్తే నేను పలుకుతానండీ, బస్తాలు కాకపోతే మూతులు కుడతాను, ఊకైనా ఎత్తుతాను అందట. భీమరాజు, అమ్మా, ఈ బోర్డుకి పలికినవాడు బస్తా ఎత్తాలి అన్నాడట. మర్యాదగానే అన్నాడట. ఇంకో పొద్దే ఉందమ్మా అని కూడా చెప్పాడట. ఎవరు పలికితే ఒప్పుకుంటారు అని రాణి అడిగిందట. జట్టులో ఎవడూ రాడు, ఇంటి మగాడు వస్తే కాదనడానికి నేనెవణ్ణి అన్నాడట.

ఇది చెప్పి నా వంక చూడలేదు. పళ్ళెం కడుగుతూ ఉండిపోయింది. వాడు లోపల తువ్వాలు నోట్లో పెట్టుకుని ఉన్నాడు.

రాజమండ్రికి ఫోన్ చేశాను. ఆపరేషన్‌కి మంగళవారం చేర్చుకుంటామన్నారు. ఆఫీసుకి పది రోజులు సెలవు రాశాను. కారణం అని ఉన్న చోట ఖాళీగా వదిలేశాను.

మే 10, శనివారం

కాటా గది. 5.55. నాకు నలభై తొమ్మిది. బరువు అరవై రెండు కిలోలు. నాన్న తువ్వాలు మెడ వెనక మడత పెట్టుకున్నాను. బోర్డు మీద అయిదో పేరు. కింద బకెట్, అంచున తడిగుడ్డ. భీమరాజు నన్ను చూశాడు, బోర్డు వైపు తిరిగాడు, నలుగురిని పిలిచాడు.

దుర్గాసాయి, అన్నాడు.

ఆయ్.